మత సామరస్యం పాఠం: వేషాలు మాని పెదకాకాని బయలుదేరండి

ప్రశ్న: గుంటూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. ఏటా ఒకరోజు ముగ్గురు పిల్లలకు స్వామీజీ, ఫాదర్, మౌల్వీ వేషాలు వేసి, చేతులు కలిపించి ఫోటో తీయిస్తాం. మా ‘సర్వమత’ కార్యక్రమం అంతే. ఈసారి మన ప్రాంతంలోని మతాలు, ఆచారాల ఆధారంగా ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా ఏడాది పొడవునా ఏదైనా చేయమని యాజమాన్యం అడిగింది. మాట బయటికి పొక్కగానే ఇద్దరు తల్లిదండ్రులు వచ్చి “మా పిల్లలకు వేరే మతం నేర్పుతారా?” అన్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు:

మాస్టారూ, నేను ఉమ్మడి గుంటూరు జిల్లా జెడ్పీ హైస్కూళ్లలో సోషల్ చెప్పి, హెచ్ఎంగా రిటైరయ్యాను. ఈ పని బాగా జరిగిన బడులనూ చూశాను, తూతూమంత్రంగా ముగిసిన బడులనూ చూశాను. కాస్త పొడుగైనా వివరంగానే రాస్తాను.

ముందు ఆ వేషాలు మానేయండి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, కానీ పిల్లల బుర్రలోకి ఎక్కేది ఏమిటి? హిందువంటే కాషాయం, ముస్లిం అంటే టోపీ గడ్డం, క్రైస్తవుడంటే తెల్ల అంగీ. వాళ్ల క్లాసులో ఉన్న బాజీ వాళ్ల నాన్నేమో టోపీ పెట్టుకోడు, మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. దీవెన వాళ్లమ్మ బొట్టు పెట్టుకోదు గానీ సంక్రాంతికి అరిసెలు వండుతుంది. ఇలాంటి మనుషులకు ఆ ఫోటోలో చోటు లేదు. ఫోటో తర్వాత ‘అన్ని మతాలూ చెప్పేది ఒక్కటే’ అని ఒక స్పీచ్ ఉండనే ఉంటుంది. అన్ని మతాలూ ఒక్కటే చెప్పవు, ఆ సంగతి పిల్లలకు తెలుసు. ఒకరింట్లో విగ్రహానికి మొక్కుతారు, ఇంకొకరింట్లో మొక్కకూడదని చెబుతారు. తేడా లేదంటే వాళ్లు మన మొహం చూసి నవ్వుకుంటారు. తేడా ఉన్నా పక్కింట్లో ఉండటం, కలిసి పని చేయడం ఎలాగో మన ఊళ్లు చాలాకాలంగా చేసి చూపిస్తున్నాయి. మీ పాఠం అక్కడ ఉంది.

ఆ తల్లిదండ్రుల మీద విసుక్కోకండి, వాళ్లు అడిగింది న్యాయమైన ప్రశ్న. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మత బోధన ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడుల్లో, ఎయిడెడ్ బడుల్లో మైనరు పిల్లల్ని మత బోధనలోనో ప్రార్థనలోనో కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. మీ బడి ఈ రెండో కోవలోకి వస్తుంది. కానీ మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి చదవడం వేరు. 1964–66 నాటి కొఠారి విద్యా కమిషన్ ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. గురునానక్ జీవితం, బోధనల మీద యూనివర్సిటీలో అధ్యయనం జరిపించడం మత బోధన కిందికి రాదని 1971లో డీఏవీ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు అంది. 2002లో అరుణా రాయ్ కేసులోనూ మతాల గురించిన చదువు 28వ అధికరణానికి విరుద్ధం కాదని తేల్చింది. ఇదంతా తల్లిదండ్రుల ముందు లాయరులా చదవనక్కర్లేదు. సర్క్యులర్లో మామూలు మాటల్లో రాయండి: “ప్రార్థన చేయించం, ప్రసాదం తినిపించం, ఎవరి దేవుడు గొప్పో చెప్పం. మన జిల్లాలో మనుషులు ఏ పండుగ ఎలా చేసుకుంటారో, ఎందుకు చేసుకుంటారో తెలుసుకుంటాం. బయటికి తీసుకెళ్లే ప్రతిసారీ మీ సంతకం తీసుకుంటాం. వద్దనుకుంటే మీ పిల్లలకు బడిలోనే వేరే పని ఇస్తాం, మార్కులు తగ్గించం.” చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. సగం గొడవలు దానితోనే చల్లబడతాయి.

పాఠాల కంటే ముందు బడిలోని రివాజులు ఒకసారి చూసుకోవాలి. చాలామంది వదిలేసేది ఇదే, అసలు చెడేదీ ఇక్కడే. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న పిల్లాడు నల్ల బట్టల్లో, చెప్పుల్లేకుండా వస్తాడు. మన విజయవాడ అమ్మవారి కోసం భవానీ మాల వేసినవాడు ఎర్ర బట్టల్లో వస్తాడు. యూనిఫాం లేదేమని ఒకణ్ణి గేటు దగ్గర ఆపి, ఇంకొకణ్ణి ‘స్వామీ’ అని లోపలికి పిలిస్తే పిల్లలు వెంటనే పసిగడతారు. ఆడపిల్ల తల మీది స్కార్ఫుకు ఒక రూలూ, మాలకు ఇంకో రూలూ ఉంటే మీరు ఏడాదంతా చెప్పిన పాఠాలు ఆ గేటు దగ్గరే కొట్టుకుపోతాయి. అనుమతిస్తే అందరినీ అనుమతించండి, కాదంటే అందరికీ కాదనండి. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న పిల్లల్ని పీఈటీ మాస్టారు ఎండలో పరిగెత్తించకూడదు. పరీక్షల ముందు సరస్వతీ పూజ చేసి హాల్ టికెట్లు అక్కడ పెట్టే అలవాటు మన దగ్గర చాలా బడుల్లో ఉంది. క్రైస్తవుల ఇళ్ల పిల్లల్లో కొందరు ప్రసాదం తీసుకోరు. చేతికి అందించి “తీసుకో, ఏం కాదు” అంటే ఆ పిల్ల ఇరుకున పడుతుంది. పళ్లెం బల్ల మీద పెట్టండి, కావలసినవాళ్లు తీసుకుంటారు. మిషన్ స్కూళ్లలో పొద్దుటి ప్రార్థనప్పుడు హిందూ పిల్లలది కూడా అచ్చంగా ఇదే ఇబ్బంది. అక్కడా ఇదే పద్ధతి.

ఇక పాఠాలు. ఆరో తరగతికి పేర్లతో మొదలుపెట్టండి. మన జిల్లాల అటెండెన్స్ రిజిస్టరే ఒక పాఠ్యపుస్తకం. మస్తాన్ వలీ ఉంటాడు, మస్తాన్‌రావు ఉంటాడు, మస్తానమ్మ ఉంటుంది. గుంటూరులోని మస్తాన్ దర్గాకు మొక్కుకుని పెట్టిన పేర్లు ఇవి, హిందువుల ఇళ్లలోనూ దండిగా కనిపిస్తాయి. బాజీ పేరూ అంతే, అది పెదకాకాని దర్గా నుంచి వచ్చింది. శౌరి, ఇన్నయ్య, రాయప్ప, చిన్నప్ప అనే పేర్లు ఫిరంగిపురం వైపు పాత కేథలిక్ కుటుంబాలవి. వాటి చివర రెడ్డి అని కూడా ఉంటుంది, దాని సంగతి తర్వాత చెబుతాను. “నీ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు?” అని ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి రాసుకు రమ్మనండి. ఒక హెచ్చరిక: క్లాసులో ఒక్కొక్కరినీ నిలబెట్టి చెప్పించకండి. పేరు వెంట మతం వస్తుంది, ఇంటిపేరు వెంట కులం వస్తుంది. చెప్పాలనుకున్నవాళ్లు చెబుతారు, మిగతావాళ్లు నోట్సులో రాసి ఇస్తారు.

ఏడో తరగతిని పెదకాకాని తీసుకెళ్లండి. గుంటూరు నుంచి గంట కూడా పట్టదు, ఖర్చు తక్కువ. మల్లేశ్వరస్వామి గుడి, బాజీ బాబా దర్గా రెండూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. గుడి దగ్గర పొంగళ్లు పొంగించేవాళ్లు ఉంటారు, దర్గా దగ్గర కందూరు, అంటే మొక్కు విందు, చేసేవాళ్లు ఉంటారు. రెండు చోట్లకూ వెళ్లే కుటుంబాలు కూడా ఉంటాయి. అక్కడికెళ్లాక పిల్లలు ఏం అడగాలన్నది ముందే క్లాసులో తయారు చేసుకోవాలి. “మీ దేవుడు నిజమేనా, మహిమలున్నాయా?” లాంటి ప్రశ్నలు వద్దు. అవతలివాళ్లు బిగుసుకుపోతారు, జవాబు కూడా ఏ పుస్తకంలోదో వస్తుంది. దానికి బదులు పని గురించి అడగాలి. ఈ పూలు ఎక్కణ్ణుంచి వస్తాయి? దర్గాలో సమాధి మీద కప్పే చాదర్ కుట్టింది ఎవరు? కొబ్బరికాయల కొట్టు ఎవరిది? ఉరుసు రోజుల్లో వంట చెరకు ఎవరిస్తారు? గుడి తిరునాళ్లకు లైటింగ్ ఎవరు కడతారు? మైకు సెట్టు ఎవరిది? వచ్చిన జవాబుల్ని బోర్డు మీద గీతలు గీసి కలిపితే, ఒక మతం పండుగలో ఎన్ని మతాల కూలీ, వ్యాపారం, అప్పు ఉన్నాయో పిల్లలకే కనబడుతుంది. ప్రేమ, సోదరభావం అనే మాటలు మీరు ఎత్తనక్కర్లేదు.

ఈ దారిలోనే ఇంకో సంగతి, నాకు బాగా ఇష్టమైనది. మన గుడుల్లో నాదస్వరం వాయించేవాళ్లు ఎవరో అడిగించండి. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తరతరాలుగా ఈ వాద్యం పట్టుకున్న ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. చిలకలూరిపేట చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెబుతారు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం వినిపించారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. నమాజు మానకుండానే త్యాగరాజ కీర్తన వాయించిన మనిషి. ఇది పిల్లలకు కథలా చెప్పి వదిలేయకండి. మీ చుట్టుపక్కల నాదస్వర విద్వాంసులు ఎవరైనా ఉంటే బడికి పిలిచి వాయించమనండి, తర్వాత ప్రశ్నలు అడగనివ్వండి. పారితోషికం మాత్రం ఇవ్వాలి. సామరస్యం పేరు చెప్పి కళాకారుణ్ణి ఉచితంగా వాయించమనడం నాకు నచ్చదు.

ఎనిమిదో తరగతికి విజయవాడ. గుణదల కొండ మీద 1924లో మరియమాత విగ్రహం పెట్టినప్పటి నుంచి అది పెద్ద యాత్రాస్థలమైంది. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే తిరునాళ్లకు క్రైస్తవులు కానివాళ్లు కూడా వెళ్తారు. అక్కడ కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. తెలుగు మనిషి మొక్కు తీర్చుకునే తీరు గుడి అయినా చర్చి అయినా పెద్దగా మారలేదని పిల్లలు వాళ్లంతట వాళ్లే గమనిస్తారు. అదే ట్రిప్పులో పటమటలోని నాస్తిక కేంద్రం కూడా పెట్టుకోండి. నాస్తిక ఉద్యమకారుడు గోరా గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ప్రారంభించి, 1947లో విజయవాడకు తెచ్చారు. అంటరానితనం మీద, మూఢనమ్మకాల మీద చేసిన పని దానికి పెద్ద చరిత్ర. దేవుణ్ణి నమ్మని ఇళ్ల పిల్లలు కూడా మీ క్లాసులో ఉంటారు. సర్వమత కార్యక్రమాల్లో వాళ్లకు కుర్చీ వేయడం ఎవరికీ గుర్తుండదు.

చరిత్ర దగ్గరికి వస్తే పని కష్టమవుతుంది, ఇక్కడ తొందరపడకండి. ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహలు ఉన్నాయి. అక్కన్న మాదన్నలు 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా దగ్గర మంత్రులు. గుహలేమో వాళ్ల కంటే దాదాపు వెయ్యేళ్లు పాతవి, పేరు తర్వాత వచ్చింది. కూచిపూడి అగ్రహారాన్ని భాగవతులకు ఇచ్చింది తానీషానే అని చెప్పుకుంటారు. ముస్లిం రాజు, బ్రాహ్మణ మంత్రులు, నాట్యం ఆడే బ్రాహ్మణ కుటుంబాలు. వినడానికి ఎంతో బాగుంటుంది కాబట్టే పిల్లల చేత అడిగించాలి: ఇందులో శాసనం, కట్టడం చెప్పేదెంత, జనం చెప్పుకునేదెంత? మనకు నచ్చిన కథను కూడా ఇలా జల్లెడ పట్టడం నేర్చినవాడే రేపు ఫోన్‌లో వచ్చే విషపు కథను కూడా జల్లెడ పడతాడు.

అమరావతిలో ఇంకా సూటి ప్రశ్న వస్తుంది. బౌద్ధ స్తూపం ఉన్న చోటికి దగ్గరలోనే అమరేశ్వరుడి గుడి ఉంది. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ పట్నం కట్టించేటప్పుడు ఆ స్తూపం దిబ్బలోని రాళ్లు తవ్వి వాడుకున్నారు. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ చూసేనాటికే చాలా పోయింది. మిగిలిన వాటిలో మంచి శిల్పాలు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. ఎవరో ఒక పిల్లాడు లేచి “అంటే బౌద్ధుల్ని మనవాళ్లే పడగొట్టారా సార్?” అంటాడు. కూర్చోబెట్టకండి. రాళ్లు తీసినవాళ్లకు అది ఆనవాలు లేని పాత దిబ్బ అయి ఉండొచ్చు. అప్పటికే అక్కడ బౌద్ధం ఎన్నో వందల ఏళ్లుగా లేదు. ఎందుకు లేకుండా పోయిందన్నది వేరే ప్రశ్న, దానికి ఒక్క కారణం చెబితే సరిపోదు. నిజాయితీగా ఒప్పుకోవాల్సింది ఒప్పుకుని, తెలిసినంత చెప్పి, ఎవరి పక్షమూ లాయరులా వాదించకుండా ఉంటే చాలు. 2006 జనవరిలో దలైలామా నిర్వహించిన కాలచక్ర ఉత్సవం కోసం అదే అమరావతికి ప్రపంచం నలుమూలల నుంచి బౌద్ధులు వచ్చినప్పుడు భోజనాలు పెట్టింది, ఇళ్లు అద్దెకిచ్చింది మన ఊరివాళ్లే. అదీ చెప్పండి.

గుంటూరు మహాత్మా గాంధీ రోడ్డు మీద నిలబడి ఉన్న జిన్నా టవర్‌ను తొమ్మిదో తరగతికి మాత్రమే పెట్టండి. స్వాతంత్ర్యానికి ముందు కట్టిన స్తంభం, పేరు మార్చాలని గొడవ, 2022 ఫిబ్రవరిలో మూడు రంగులు వేయడం. పేపర్ కటింగులు ఇచ్చి, మార్చాలనేవాళ్ల వాదన మార్చొద్దనే పిల్లాడి చేత, వద్దనేవాళ్ల వాదన మార్చాలనే పిల్లాడి చేత చెప్పించండి. మీ అభిప్రాయం అడుగుతారు, చెప్పకండి.

ఇప్పుడు ఆ రెడ్డి సంగతి. మన ప్రాంతంలో మతం మారినా కులం చాలాచోట్ల మారలేదు. చర్చిలో బల్లలు వేరైన ఊళ్లూ, సమాధుల స్థలాలు వేరైన ఊళ్లూ ఉన్నాయి. మతాల గురించి ఎంత గొప్పగా చెప్పినా కులాన్ని పక్కన పెడితే మీ కార్యక్రమం మన జిల్లాకు పనికిరాదు, ఇది నా గట్టి అభిప్రాయం. ఇక్కడ మా తరం కళ్లారా చూసిన ఘోరాలు 1985లో కారంచేడు, 1991 ఆగస్టు 6న తెనాలి దగ్గర చుండూరు. రెండూ కులం గొడవలే. చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. ఏడో తరగతికి ఇది చెప్పక్కర్లేదు, తొమ్మిదికి చెప్పాలి. చిన్న తరగతులకు జాషువా గారు చాలు. 1895లో వినుకొండలో పుట్టి, క్రైస్తవుడిగా పెరిగి, గుంటూరు నేల మీదే పాఠాలు చెప్పిన కవి. ఆయన ‘గబ్బిలం’ కావ్యంలో గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పుకోవడానికి గబ్బిలాన్ని పంపుతాడు, ఎందుకంటే గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. ఆ ఒక్క ఊహతో మతం, కులం, భక్తి, కోపం నాలుగూ క్లాసులోకి వచ్చేస్తాయి.

చెప్పడం అయ్యాక చేయించడం. కలిపి కూర్చోబెట్టినంత మాత్రాన పిల్లలు కలవరు. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1954లోనే చెప్పాడు: ఇరువురిదీ సమాన స్థాయి కావాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, కలిసి పని చేయాలి, పై అధికారుల అండ ఉండాలి. మన దేశంలోనే దీనికి మంచి రుజువు దొరికింది. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 1,261 మంది యువకులతో మాట్ లోవ్ అనే ఆర్థికవేత్త క్రికెట్ లీగ్ ఆడించాడు, ఆ ఫలితాలు 2021లో వచ్చాయి. వేరే కులంవాళ్లతో ఒకే టీములో ఆడినవాళ్లకు కులం దాటిన స్నేహాలు పెరిగాయి. వేరే కులంవాళ్లను ఎదుటి టీములో చూసినవాళ్లకు మేలు జరగలేదు, కొన్ని విషయాల్లో కీడే జరిగింది. మీ బడిలో హౌసుల్ని, అంటే పోటీల జట్లను, కాలనీల వారీగానో బస్ రూట్ల వారీగానో విడదీసి పోటీలు పెడుతుంటే ముందు అది మార్చండి.

క్లాసులో అయితే ఎలియట్ ఆరన్సన్ 1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో మొదలుపెట్టిన జిగ్సా పద్ధతి వాడండి. ఐదుగురు పిల్లల జట్టు. ఒకరికి పెదకాకాని కాగితం, ఒకరికి గుణదల, ఒకరికి అమరావతి, ఒకరికి కోటప్పకొండ శివరాత్రి ప్రభలు, ఒకరికి నాస్తిక కేంద్రం. ఎవరి కాగితం వాళ్లే చదివి, మిగతా నలుగురికీ చెప్పాలి. పరీక్ష మాత్రం ఐదింటి మీదా ఉంటుంది. ఎవరి ముక్క వాళ్లు దాచుకుంటే అందరికీ మార్కులు పోతాయి. అమరావతి కాగితం ముస్లిం పిల్లాడికి, దర్గా కాగితం క్రైస్తవుల అమ్మాయికి వెళ్లేలా చూడండి. ఎవరి మతం వాళ్లే చెబితే అది వకాలత్ అవుతుంది, ప్రతి పిల్లాడూ తన మతానికి రాయబారి అయి కూర్చుంటాడు. ఆ బరువు పిల్లల మీద పెట్టకూడదు.

ఫలితం తెలుసుకోవడానికి వ్యాసరచన పోటీ పెట్టకండి, అందులో అందరూ మంచిగానే రాస్తారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నిలబడి చూడండి. ఎవరి క్యారేజీ ఎవరి ముందు తెరుచుకుంటోంది, ఎవరు విడిగా కూర్చుంటున్నారు, ఏ నిక్‌నేములు వినిపిస్తున్నాయి. జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చూసి డైరీలో రాసుకోండి.

క్యాలెండర్ విషయం. గుణదలకు తిరునాళ్ల రోజుల్లో క్లాసుగా వెళ్లకండి, ఆ జనంలో పిల్లల్ని కాసుకోవడమే సరిపోతుంది. నవంబరులో మామూలు రోజు వెళ్తే అక్కడివాళ్లు నిలబడి మాట్లాడతారు. పెదకాకాని దసరా సెలవుల ముందు పెట్టుకోండి. ఆదివారం రద్దీ ఉంటుంది కాబట్టి వారం మధ్యలో వెళ్లండి. టెన్త్ వాళ్లను ఇందులోకి లాగొద్దు, వాళ్ల టెన్షన్ వాళ్లకుంది. జిన్నా టవర్ చర్చ మాత్రం సంక్రాంతి తర్వాతే పెట్టండి. అప్పటికి తొమ్మిదో తరగతి పిల్లలకు జట్లలో కూర్చుని వాదించుకోవడం, వాదన అయ్యాక కలిసి బస్సెక్కడం అలవాటై ఉంటుంది.